బొమ్మ ఆగితే ముందు శబ్దాన్ని అడగండి

(మన సొసైటీ వార్షిక సమావేశంలో, వీడియో ఎడిటింగ్ శిక్షణ పూర్తి చేసిన విద్యార్థులకు సర్టిఫికెట్లు అందజేసిన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)





సెక్రటరీ సాబ్ నన్ను పిలిచి, "నువ్వు పిల్లలకు నేర్పావు కాబట్టి నాలుగు మాటలు మాట్లాడాలి" అన్నారు. నేను వక్తను కాను. పెళ్లిళ్ల వీడియోలు తీసి, ఎడిట్ చేసి బతుకుతున్నవాడిని. అందుకని నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను. ఎడిటింగ్ చేస్తున్నప్పుడు కంప్యూటర్ బిగుసుకుపోవడం గురించి, దానికి శబ్దం ఎలా కారణమవుతుందన్న దాని గురించి. దాతలు కూర్చున్న సభలో ఇదేం విషయం అని మీకు అనిపించవచ్చు. మీరిచ్చిన డబ్బుకూ దీనికీ సంబంధం ఉంది. కొంచెం ఓపిక పట్టి వినమని మనవి.

కిందటేడు వార్షిక సమావేశానికి ముందు మన పిల్లలు సొసైటీ పనుల మీద ఇరవై నిమిషాల వీడియో తయారు చేశారు. స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లల మాటలు, కుట్టు మిషన్లు తీసుకున్న అక్కచెల్లెళ్ల మాటలు, రంజాన్ రేషన్ కిట్ల పంపిణీ, అన్నీ అందులో ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఏడాదంతా పంపిన డబ్బు ఏమైందో కళ్లతో చూసుకునేది ఆ వీడియోలోనే. సమావేశం ఇంకా నాలుగు రోజులుందనగా కంప్యూటర్ మొరాయించింది. ప్లే నొక్కితే రెండు సెకన్లు నడిచి బొమ్మ ఆగిపోయేది. మౌస్ కదలదు. కాసేపటికి తెర తెల్లబడి "నాట్ రెస్పాండింగ్" అని పడేది.

అందరం ఒకే మాట అనుకున్నాం, కంప్యూటర్ పాతబడిందని. ఒక షాపు వాళ్లను అడిగితే కొత్త సిస్టమ్‌కు లక్ష దాటిన ఎస్టిమేటు ఇచ్చారు. జెడ్డాలో ఉన్న ఒక సోదరుడు విషయం తెలుసుకుని, "నేను ఇస్తాను, పని ఆపకండి" అన్నారు. అల్లాహ్ ఆయన సంపాదనలో బరకత్ ఇవ్వుగాక. డబ్బు సిద్ధంగా ఉంది, ఆర్డరు పెట్టడమే తరువాయి. ఆ రాత్రి ఇషా తర్వాత సెక్రటరీ సాబ్ నాకు ఫోన్ చేసి, "కొనేముందు ఒకసారి వచ్చి చూడు" అన్నారు. ఆ ఒక్క మాట వల్లే నేను ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

అసలు వీడియో ఎడిటింగ్‌లో శబ్దం పాత్ర ఏమిటో ముందు చెప్పాలి. మనం బొమ్మే ముఖ్యం అనుకుంటాం. కంప్యూటర్‌కు అలా కాదు. మన కళ్లకు సెకనుకు 25 బొమ్మలు చూపిస్తారు. అంటే ఒక్కో బొమ్మ సెకనులో 25వ వంతు, 40 మిల్లీసెకన్లు ఉంటుంది. అందులో ఒకటి జారిపోయినా మన కన్ను పెద్దగా పట్టుకోదు. చెవి అలా ఊరుకోదు. శబ్దంలో చిన్న ఖాళీ వచ్చినా 'టక్' మని వినిపిస్తుంది. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్లే చేసేటప్పుడు సాధారణంగా సౌండ్ పరికరం గడియారాన్నే నమ్ముకుంటాయి. శబ్దం ఎంతవరకు నడిచిందో చూసుకుని, దానికి తగ్గ బొమ్మను తెచ్చి పెడతాయి.

మనకు తెలిసిన పోలిక చెబుతాను, పోలిక కోసమే. జమాత్‌లో నమాజు చదివేటప్పుడు వెనక వరుసల్లో ఉన్నవాళ్లు ఇమామ్ సాబ్ తక్బీర్ విని కదులుతారు. మైకు ఆగిపోయి, వెనక్కి తక్బీర్ అందకపోతే ఏమవుతుంది? చివరి వరుసలో వాళ్లు సజ్దాలోనే ఉండిపోతారు. వాళ్ల మోకాళ్లలో లోపం లేదు. వాళ్లకు పిలుపు అందలేదు, అంతే. కంప్యూటర్‌లో బొమ్మ కూడా అలాగే ఆగిపోతుంది. శబ్దం నుంచి పిలుపు రాలేదు కాబట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. మనం బయటి నుంచి చూసి మోకాళ్లకు వైద్యం మొదలుపెడతాం. ర్యామ్ మార్చాలి, గ్రాఫిక్స్ కార్డు వేయాలి, సిస్టమే మార్చాలి అంటాం.

ఆ రాత్రి నేను పిల్లలను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎక్కడ నొక్కినా ఆగుతోందా, ఒకే చోట ఆగుతోందా?" పిల్లలూ, ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఎక్కడ నొక్కినా ఆగుతోందంటే తప్పు సౌండ్ పరికరంలోనో, సెట్టింగులోనో ఉండే అవకాశం ఎక్కువ. ఒకే చోట ఆగుతోందంటే ఆ చోట ఉన్న ఫైలులోనో, దానికి వేసిన ఎఫెక్ట్‌లోనో ఉంటుంది. మన కంప్యూటర్‌కు రెండు జబ్బులూ ఉన్నాయని తర్వాత తేలింది.

మొదటిది ఎక్కడ నొక్కినా ఆగడం. టేబుల్ మీద బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కనిపించాయి. నలుగురు పిల్లలు వంతులవారీగా వాడుకుంటున్నారు. ఒకరు తీసి పెట్టెలో పెడితే కనెక్షన్ పోతుంది, మరొకరి ఫోనుకు కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా ఆ ఇయర్‌ఫోన్‌నే వెతుకుతూ కూర్చుంటుంది. పైగా ఆ ఇయర్‌ఫోన్‌లో మైకు కూడా ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ మైకును కూడా తెరవబోతే, ఇయర్‌ఫోన్ పాటలు వినే పద్ధతి నుంచి ఫోన్ మాట్లాడే పద్ధతికి మారిపోతుంది. శబ్దం నాణ్యత పడిపోతుంది, పరికరం పేరే మారినట్టవుతుంది, ప్లే మధ్యలో తడబడుతుంది.

దీనికి మందు చాలా చిన్నది. ప్రీమియర్ ప్రో వాడేవాళ్లకైతే ప్రిఫరెన్సెస్‌లో ఆడియో హార్డ్‌వేర్ అనే పేజీ ఉంటుంది. అక్కడ డిఫాల్ట్ ఇన్‌పుట్ దగ్గర 'నో ఇన్‌పుట్' అని పెట్టాలి. ఎడిటింగ్ చేసేటప్పుడు మనకు మైకుతో పనిలేదు కదా. అవుట్‌పుట్ దగ్గర కంప్యూటర్ సొంత స్పీకరునో, తీగ ఉన్న హెడ్‌ఫోన్‌నో ఎంచుకోవాలి. మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటి సెట్టింగు వేరే పేరుతో ఉంటుంది. మేము ఆ రాత్రి అదే చేశాం. సాఫ్ట్‌వేర్ మూసి, మళ్లీ తెరిచాం. బిస్మిల్లా అని ప్లే నొక్కితే వీడియో పరిగెత్తింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు పద్నాలుగో నిమిషం వరకే. అక్కడికి రాగానే మళ్లీ బిగుసుకుపోయింది. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అదే చోట. ఇది రెండో జబ్బు.

ఆ చోట నాలుగు శబ్దాలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. వెనక మెల్లగా నడిచే ఒక నాత్, మన అమ్మాయి చదివిన వ్యాఖ్యానం, సభలో చప్పట్లు, ఇక నాలుగోది పాత కీప్యాడ్ ఫోనులో తీసిన ఒక చిన్న వీడియోలోని మాట. వాటిని ఒక్కొక్కటే పట్టుకుని కూర్చోకుండా సగం సగం చేసి వెతికాం. రెండింటిని టైమ్‌లైన్ నుంచి తీసేసి చూశాం. ఆగలేదు. వాటిలో ఒకదాన్ని తిరిగి పెట్టాం. ఆగిపోయింది. దొంగ దొరికాడు. మీ దగ్గర పదహారు క్లిప్పులు ఉన్నా ఇలా సగం సగం చేస్తే నాలుగు ప్రయత్నాల్లో తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త. మ్యూట్ చేసి చూస్తే చాలదు. మ్యూట్ చేసినా కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ లోపల ఆ ఫైలును చదువుతూనే ఉంటుంది. కాపీ ప్రాజెక్టులో తీసేసి చూడాలి.

దొరికిన దొంగ ఆ పాత ఫోను క్లిప్పే. పక్కనున్న అబ్బాయి వెంటనే, "భయ్యా, ముప్పై సెకన్లే కదా, తీసేస్తే సరిపోతుంది" అన్నాడు. వాడి తప్పు లేదు. రాత్రి పన్నెండయింది. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను.

ఆ క్లిప్పులో మాట్లాడుతున్నది ఎవరో మీలో పెద్దవాళ్లకు చెబితే తెలుస్తుంది. మన ఊళ్లో ఏళ్ల తరబడి బట్టలు కుట్టిన దర్జీ చాచా. ఆయన చనిపోయి ఏళ్లయింది. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఈ సొసైటీ మొదలైన రోజుల్లో ప్రతి నెలా మొదటి రోజు కుట్టుకూలి ఆయన ఇంటికి తీసుకెళ్లేవారు కాదు, ఇక్కడ ఇచ్చేవారు. రసీదు మీద పేరు రాయొద్దనేవారు. అందుకే ఈ రోజు కూడా ఆయన పేరు చెప్పడం లేదు. ఆయన మనవడు ఎప్పుడో కీప్యాడ్ ఫోనులో తీసిన ఆ ముప్పై సెకన్లు తప్ప ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆ క్లిప్పును తీసేస్తే వీడియో నడుస్తుంది. కానీ ఆ వీడియో ఎవరి వల్ల మొదలైందో ఆ మనిషి అందులో ఉండడు.

అందుకని తీసేయలేదు. అది ఎందుకు ఆపుతోందో చూశాం. ఆనాటి ఫోన్లు జాగా తక్కువ కాబట్టి శబ్దాన్ని ఏఎమ్ఆర్ అనే పద్ధతిలో బాగా కుదించి దాచేవి. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి రాసుకున్నారన్నదాన్ని శాంపిల్ రేట్ అంటారు. ఏఎమ్ఆర్ ఫైలులో అది 8,000. సీడీ పాటల్లో 44,100. వీడియో కెమెరాల్లో 48,000. ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడిదో తెలుసా? తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీదే దాచేవారు. మన టీవీ పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో వాడుకున్న గీతలు 294, ఒక్కో గీతకు 3 శాంపిళ్లు. మూడూ గుణిస్తే 44,100. శబ్దమూ బొమ్మా అప్పటి నుంచే అలా ముడిపడి ఉన్నాయి.

రేట్లు వేరైనంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఆగిపోదు. చాలావరకు తనే సర్దుకుంటుంది. చిక్కల్లా కుదించిన ఫైళ్లతో. వాటిని ప్లే చేస్తూనే విప్పాలి, లెక్క మార్చాలి, మిగతావాటితో కలపాలి. ఫైలు లోపలి సమయం లెక్కల్లో చిన్న తేడా ఉన్నా విప్పే పని అక్కడ ఇరుక్కుంటుంది, దాని వెనక అంతా ఆగుతుంది. ఒకవేళ ఆగకుండా రేటును తప్పుగా చదివితే అదో తలనొప్పి. 44,100 శబ్దాన్ని 48,000 అనుకుని నడిపితే గంట బయాన్ 55 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది, గొంతు సన్నగా మారుతుంది, పెదవులకూ మాటకూ పొంతన ఉండదు.

మందు ఏమిటంటే, టైమ్‌లైన్ మీదికి తెచ్చేముందే శబ్దాన్ని విప్పి, కుదించని వేవ్ ఫైలుగా, 48,000 రేటులో మార్చుకోవడం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే మరో ఉచిత సాధనం జోడిస్తే పాత ఫోన్ల ఫైళ్లు కూడా తెరుస్తుంది. ఈ రెండూ 2000 సంవత్సరం నుంచి ఎందరో స్వచ్ఛందంగా పనిచేసి లోకానికి ఇచ్చినవి. రూపాయి ఖర్చు లేదు. వేవ్ ఫైలు పెద్దదే. రెండు చానళ్ల శబ్దం అయితే నిమిషానికి పదకొండున్నర ఎంబీ దాకా పడుతుంది. అయినా అంగీకరించవచ్చు. ముప్పై సెకన్ల చాచా గొంతుకు ఆరు ఎంబీ కూడా పట్టలేదు. అలా మార్చి పాత బొమ్మ కింద పెట్టాం. పద్నాలుగో నిమిషం దాటింది, ఇరవయ్యో నిమిషం దాకా ఆగకుండా నడిచింది.

ఇలా మార్చినందువల్ల గొంతు కొత్తగా అయిపోదు. ఆ రోజు ఫోను రాసుకోనిది ఈ రోజు మనం తేలేం. చాచా మాట వెనక కుట్టు మిషన్ చప్పుడు ఉంటుంది. దాన్ని తీసేద్దామా అని ఒకరు అడిగితే, వ్యాఖ్యానం చదివిన అమ్మాయి, "వద్దు భయ్యా, అది లేకపోతే ఆయన ఆయనలా ఉండరు" అంది. అలాగే ఉంచాం.

పిల్లలూ, రేపు మీరు స్టూడియోల్లో పనికి వెళతారు. ఇంకొన్ని సంగతులు చెబుతాను, వినండి. ఏది మొదలుపెట్టినా ముందు ప్రాజెక్టును వేరే పేరుతో ఒక కాపీ దాచుకోండి. సాఫ్ట్‌వేర్ శబ్దం కోసం తయారు చేసుకునే తాత్కాలిక ఫైళ్లు పాడైనా బిగుసుకుపోతుంది. ప్రీమియర్ ప్రోలో వాటికి పీఈకే, సీఎఫ్ఏ అని పేర్లు. మీడియా క్యాష్ శుభ్రం చేస్తే అవి పోతాయి, మళ్లీ కొత్తగా తయారవుతాయి. మీ అసలు వీడియోకు ఏమీ కాదు. సీ డ్రైవ్‌లో ఖాళీ లేకపోయినా ఇదే తంటా, చూసుకోండి. రొద తగ్గించే ఎఫెక్ట్‌లు ఒకదానిమీద ఒకటి వేయకండి. వేసినా ఆ శబ్దాన్ని ఒకసారి రెండర్ చేసుకుని వాడండి. ఫోనుతో తీసిన వీడియోల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. వెలుతురును బట్టి మారుతుంది. దానివల్ల శబ్దం జారుతుంది, ప్లే తడబడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకున్నాకే ఎడిటింగ్‌కు తీసుకోండి. ఇవన్నీ అయ్యాకే సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేయడం. కొత్త సిస్టమ్ మాట అన్నిటికన్నా చివర.

ఇవి ఎందుకు తెలియాలంటే, మన పనిలో రెండో అవకాశం ఉండదు. నికాహ్‌లో అబ్బాయి "ఖుబూల్" అనే ఘట్టం మళ్లీ రాదు. మళ్లీ చెప్పమని అడగలేం. గొలుగొండ నుంచో మాకవరపాలెం నుంచో వచ్చి పని అప్పగించిన ఆడపిల్ల తండ్రికి, "మీ వీడియోలో ఆ భాగం ఆగిపోతోంది, అందుకని తీసేశాం" అని చెప్పే ముఖం మనకు ఉండకూడదు.

మన దేశపు మొదటి మాట్లాడే సినిమా 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. అర్దెషిర్ ఇరానీ తీశారు. శబ్దం, బొమ్మ రెండూ ఒకేసారి రికార్డు చేయాలి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉన్నందున రైళ్ల రొద లేని అర్ధరాత్రి వేళ షూటింగు చేసేవారు. అంత కష్టపడి పట్టుకున్న ఆ గొంతులు ఇవాళ మనకు లేవు. ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా మిగల్లేదు. అంత పెద్ద సినిమాకే అలా జరిగితే, మన పెద్దల గొంతులు ఫోనుల్లో ఎన్నాళ్లు ఉంటాయి? ఫోను పోతే గొంతూ పోతుంది.

దాతలారా, ఇప్పుడు మీ డబ్బు సంగతి. ఆ రాత్రి మాకు అయిన ఖర్చు తీగ ఉన్న హెడ్‌ఫోన్ ఒకటి. అబీద్ సెంటర్‌లో కొన్నాం. లక్ష దాటిన ఎస్టిమేటు పక్కన పెట్టేశాం. జెడ్డా సోదరుడు కంప్యూటర్ నియ్యత్‌తో ఇచ్చారు కాబట్టి కమిటీ ఆ సొమ్మును తనంతట తాను ఇంకో పనికి వాడలేదు. ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాచా గొంతు నాకు పంపండి. ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టండి" అన్నారు. అలాగే కట్టారు. ఆయన చిన్నప్పటి పండగ బట్టలు కుట్టింది చాచాయేనని అప్పుడే మాకు తెలిసింది.

మీరిచ్చేది అమానత్. జకాత్ అయినా, సదఖా అయినా, అది మా చేతుల్లో కాసేపు ఆగి వెళ్లే సొమ్ము. పని ఆగిపోయింది, డబ్బు కావాలి అని అడగడం మాకు తేలిక. మీరు మంచి మనసుతో ఇస్తారు కాబట్టి ఇంకా తేలిక. కానీ ఎందుకు ఆగిందో కనిపెట్టకుండా మీ ముందు చేయి చాచడం అమానత్‌ను పోగొట్టడమే. కంప్యూటర్ విషయంలోనే కాదు. ఒక అబ్బాయి చదువు ఆగినా, ఒక ఇంట్లో కుట్టు మిషన్ మూలపడినా ముందు వెళ్లి కూర్చుని, ఎక్కడ ఆగిందని అడగాలి. ఒక్కోసారి కావలసింది డబ్బే అవుతుంది. ఒక్కోసారి మనిషి అవుతాడు.

ఈ పిల్లల తరఫున ఒక విన్నపంతో ముగిస్తాను. మాకు ఇప్పుడు కొత్త కంప్యూటర్ వద్దు. ఒక మంచి మైకు, రికార్డింగులు రెండు చోట్ల దాచుకోవడానికి రెండు హార్డ్ డిస్కులు చాలు. ఇంకొకటి డబ్బుతో పనిలేనిది. ఈ సెలవుల్లో మన పిల్లలు మీ ఇళ్లకు వస్తారు. మీ నానా, నానీ, దాదా, దాదీల దగ్గర ఒక గంట కూర్చోనివ్వండి. నర్సీపట్నం మొదట ఎలా ఉండేదో, మన మొహల్లా ఎలా పెరిగిందో, ఎవరు ఎవరికి ఏ కష్టంలో అండగా నిలిచారో చెప్పమనండి. ఫ్యాను ఆపి, టీవీ ఆపి మాట్లాడించండి. 48,000 రేటులో, వేవ్ ఫైలుగా రాసుకుంటారు. అవి ఎక్కడా ఆగవు, ఇన్షా అల్లాహ్.

ఇప్పుడు తెర మీద చాచా మాట వినిపిస్తారు. ముప్పై సెకన్లే. దయచేసి ఫోన్లు ఆపి వినండి.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక, ఈ పిల్లల చేతి పనిలో బరకత్ ఇవ్వుగాక. ఆమీన్.